దురద పెడుతోందా? అయితే అది మొటిమ కాకపోవచ్చు!

రాజమండ్రి నుంచి ఓ డిగ్రీ కుర్రాడు నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. మొదటి పేజీన్నర తన అభిమాన హీరో గురించి. ఆ సంగతి పక్క పేజీవాళ్ళు చూసుకుంటారు, మన శాఖ కాదు. మిగతాదంతా మొటిమల గోల! నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట, వీపు మీద, ఛాతీ మీద ఆవాలు చల్లినట్టు పొక్కులట. మెడికల్ షాపాయన ఇచ్చిన యాంటీబయాటిక్ బిళ్ళలు మూడు నెలలు మింగాడట. "వేసుకున్న కొద్దీ ఎక్కువవుతున్నాయండీ. సినిమాకెళ్తే ఇంటర్వెల్ లోపే వీపు సీటుకేసి రుద్దుకోవాల్సి వస్తోంది" అంటున్నాడు.

ఆ ఆఖరి వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మామూలు మొటిమ సలుపుతుంది, ముట్టుకుంటే నొప్పెడుతుంది. సీటుకేసి రుద్దుకునేంత దురద మాత్రం పెట్టదు.

అసలు సంగతేమిటంటే, మనందరి ఒంటిమీదా మలసీజియా అనే ఫంగస్ కాపురం ఉంటుంది. 1874లో చుండ్రు పొట్టులో దాన్ని చూసిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ మలసే పేరే దానికి పెట్టారు. చుండ్రులోనూ, మెడమీద వచ్చే శోభి మచ్చల్లోనూ దీని చెయ్యి ఉంది. చర్మంలో ఊరే జిడ్డే దీని తిండి. మామూలు రోజుల్లో బుద్ధిగానే ఉంటుంది. ఉక్క, చెమట తోడయ్యాయా, వెంట్రుక కుదుళ్ళలోకి దిగి రెచ్చిపోతుంది. దీన్నే "ఫంగల్ యాక్నె" అంటున్నారు గానీ ఇది యాక్నె కానే కాదు. డాక్టర్ల భాషలో మలసీజియా ఫాలిక్యులైటిస్. నోరు తిరక్కపోతే వదిలేయండి, లక్షణాలు గుర్తుంటే చాలు.

పొక్కులన్నీ కవలపిల్లల్లా ఒకే సైజు, ఒకటి రెండు మిల్లీమీటర్లు. బ్లాక్‌హెడ్స్ ఉండవు. చెమట పడితే దురద. అసలు మొటిమలైతే ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ, మధ్యలో నల్ల ముక్కులూ కనిపిస్తాయి. అయితే రెండూ ఒకే మొహంమీద కలిసి ఉండే ఘటాలూ ఉన్నాయి! అందుకే చర్మం డాక్టరు చూడాలి. అనుమానం వస్తే పొక్కులోంచి కాస్త తీసి మైక్రోస్కోపు కింద పెడతారు.

మరి బిళ్ళలతో ఎందుకు పెరిగింది? యాంటీబయాటిక్ చంపేది బాక్టీరియాని. ఫంగస్‌ని ఏమీ చెయ్యదు. బాక్టీరియా పోటీ తగ్గేసరికి దీనికి రాజ్యం దొరుకుతుంది.

ఇంకో మాట మూడో పేజీలో చిన్న అక్షరాలతో రాశాడు. అక్క వాడే తెల్లబడే క్రీము తనూ రాస్తున్నాడట! అన్నిటికంటే నాకు భయం వేసింది ఇక్కడే. ఆ ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి పేరుందేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. వారం రోజులు మొహం నున్నగా మెరుస్తుంది. లోపల ఫంగస్‌కి పండగ! నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎండలోకి వెళ్తే భగ్గుమంటుంది. 2018లో ప్రభుత్వం ఇలాంటివాటిని చీటీ ఉంటేనే అమ్మే షెడ్యూల్ హెచ్ మందుల్లో చేర్చింది. చాలారోజులుగా రాస్తున్నవాళ్ళు ఒక్కసారిగా మానేసినా మొహం తిరగబడుతుంది. ఎలా మానాలో డాక్టర్నే అడగండి.

వైద్యం పెద్ద కష్టమేం కాదు. 2 శాతం కీటోకోనజోల్ షాంపూ. అవును, చుండ్రు షాంపూయే. దాని నురుగు పొక్కులున్న చోట పట్టించి, ఐదు నిమిషాలుంచి కడుక్కోవడం. కళ్ళు జాగ్రత్త. ఎన్నాళ్ళు, వారానికి ఎన్నిసార్లు అన్నది చూసిన డాక్టరు చెబుతారు. బాగా ముదిరితే ఫ్లూకోనజోల్, ఇట్రాకోనజోల్ లాంటి బిళ్ళలిస్తారు. కాలేయం జబ్బున్నవాళ్ళకీ, గర్భిణులకీ, ఇతర మందులు వాడేవాళ్ళకీ అవి పడకపోవచ్చు. కాబట్టి మళ్ళీ ఆ షాపాయన దగ్గరికే పరిగెత్తకండి! తగ్గాక కూడా మళ్ళీ రావడం దీనికి అలవాటు.

ఇక అమ్మల కోపానికి సిద్ధపడి చెబుతున్నాను. కొబ్బరినూనె కూడా ఈ ఫంగస్‌కి విందు భోజనమే. పొద్దున్నే తలకి దట్టంగా పట్టించి, దానిమీద హెల్మెట్ బిగించి కాలేజీకి వెళ్తే నుదురు ఏమవుతుంది చెప్పండి? నూనె పెట్టాలనుంటే తలంటుకి ముందు పెట్టుకోండి. నుదుటికీ వీపుకీ వద్దు. హెల్మెట్ లోపలి గుడ్డ ఎప్పుడైనా ఉతికారా? చెమట బనీనుతోనే నిద్రపోవడమూ మానండి.

తమ్ముడూ, అక్క పెళ్ళి నెల రోజుల్లో ఉంది, ఫొటోల్లో ఎలా ఉంటానో అన్నావు. ఈ వారమే డాక్టరుకి చూపించు. జబ్బు ఇదే అయితే అప్పటికి దురద చాలావరకు పోతుంది. మచ్చలు మాత్రం ఇంకొన్ని నెలలుంటాయి, గిల్లితే ఇంకా ఎక్కువ. నీ హీరో నుదురు చూసి బెంగపెట్టుకోకు. ఆయనకి మేకప్‌మాన్ ఉన్నాడు, లైట్లున్నాయి, ఇప్పుడైతే మొటిమ చెరిపేసే కంప్యూటర్ కూడా ఉంది!