చెడ్డ సాంగత్యం అంటే మన మేనమామ పిల్లలా?

పోస్టు పెద్దది, ఓపిక చేసుకుని చదవండి. తిట్టాలనుకుంటే తిట్టండి గానీ మొత్తం చదివి తిట్టండి.

పోయిన నెల నుంచి మన క్రైస్తవ తమ్ముళ్లు, చెల్లెళ్ల ఫోన్లలో ఒక మాట తిరుగుతోంది. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి వెళ్లొద్దంట. అక్కడ బిర్సా ముండా ఫోటోకి దండేసి అగరొత్తులు వెలిగిస్తారు, ధింసా ఆడతారు, అన్యులతో కలిస్తే విశ్వాసం చల్లారిపోతుందంట. హాస్టల్లో రూములు కూడా మార్చుకోమంటున్నారు. నమ్మినవాళ్లు ఒక రూములో, ఊరి దేవతకి మొక్కేవాళ్లు ఇంకో రూములో. ఆధారం ఏంటంటే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం 33వ వచనం, దుష్ట సాంగత్యం మాట.

మేమూ ఆ బైబిలే చదువుతాం. మా ఇళ్లలో మొదట అక్షరం పట్టుకున్నది మేమే, సెలవులకి వెళ్తే అమ్మకి వాక్యం చదివి వినిపించేదీ మేమే. కాబట్టి ఎవరో ఒక్క వచనం తెంపి పంపితే ముందూ వెనకా చూడకుండా ఆమెన్ కొట్టలేం.

ముందూ వెనకా ఏముందో చూశాం. ఆ అధ్యాయం అంతా పునరుత్థానం గురించి. కొరింథు సంఘంలోనే కొందరు చనిపోయినవాళ్లు తిరిగి లేవరు అంటున్నారు. పౌలు 12వ వచనంలో మాట్లాడేది వాళ్ల గురించే. అంటే ఆయన భయపడ్డ సాంగత్యం బయటోడిది కాదు, సంఘంలో పక్కన చాప మీద కూర్చున్నోడిది. ఇంకో సంగతి, ఆ మాట పౌలు సొంతం కూడా కాదు, మెనాండర్ అనే గ్రీకు నాటకాల రచయితదని పండితులు చెప్తారు. అవిశ్వాసి రాసిన నాటకంలో మాట పౌలుకి పనికొచ్చింది. మనకి మాత్రం అవిశ్వాసి పక్క మంచం పనికిరాదు!

అదే పత్రికలో 5వ అధ్యాయం 9 నుంచి 11 వరకు చదవండి. లోకంలో ఉన్నోళ్లతో కలవొద్దని నేను చెప్పలేదు, అలా అయితే మీరు లోకం వదిలి పోవాలి కదా అని పౌలే అంటాడు. ఎవరితో కలిసి తినొద్దన్నాడంటే, సహోదరుడు అని పేరు పెట్టుకుని లోభం, తాగుడు, దోచుకోవడం చేసేవాడితో. ఈ వచనాలు ఎవరి స్టేటస్‌లోనూ కనపడవు ఎందుకో.

10వ అధ్యాయం అయితే మన ఊరి పండగ కోసమే రాసినట్టుంది. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే, వెళ్లాలనుకుంటే వెళ్లు, పెట్టింది అడక్కుండా తిను అంటుంది. ఇది బలి ఇచ్చినది అని ఎవరైనా చెప్తే మాత్రం తినకు అని కూడా అంటుంది. అవును, అక్కడ గీత ఉంది, మేం లేదనట్లేదు. కానీ ఆ గీత మా ఊళ్లో ఎవరికీ గొడవ కాలేదు. ఇటుకల పండగకి మా మావయ్య కోడి కోసేటప్పుడు పూజకి ముందే ప్రార్థనకి వెళ్లే ఇళ్ల వాటా వేరుగా తీసి పెట్టేస్తాడు. బడి మొహం చూడని మనిషి. పౌలు పేరు వినలేదు. మా విశ్వాసానికి ఆయన చూపించే మర్యాద మన ఫార్వర్డు మెసేజీల్లో ఎక్కడుంది? పైగా ఆయన్ని 'అన్యుడు' అనాలంట. అన్యుడు అంటే పరాయివాడు. మేనమామ ఎప్పుడు పరాయివాడయ్యాడు?

ఇక విజ్జోడు కాడి సంగతి. కాడి అంటే ఏంటో అపార్ట్‌మెంట్లో పుట్టినోళ్లకి వివరించాలి గానీ మనకెందుకు? కాడి కట్టేది దున్నడానికి. ఒకే వసారాలో రాగి అంబలి తాగితే అది కాడి కాదు.

సాంగత్యం మనిషిని మార్చదు అని మేం అనట్లేదు. బాగా మారుస్తుంది. మేం హాస్టల్లో మూడేళ్లుగా చూస్తున్నాం. ప్రార్థన మానేసినవాళ్లని లెక్కపెట్టండి, ఒక్కొక్కరు ఎందుకు మానేశారో అడగండి. మాకు తెలిసిన ఒక్కడు కూడా కోయిగూడెం నుంచో కొండదొరల ఊరి నుంచో వచ్చిన రూమ్మేట్ వల్ల మానలేదు. ఒకడు క్రికెట్ బెట్టింగులో స్కాలర్‌షిప్ డబ్బులు పోగొట్టుకుని, మొహం చూపించలేక మానేశాడు. ఆ బెట్టింగు గ్రూపులో వాణ్ణి చేర్చింది ఎవరంటే క్వైర్‌లో గిటార్ వాయించే అన్న. రాత్రి పదకొండు దాకా బెట్టింగు, పొద్దున ఆరాధన. ఆ అన్నతో తిరగొద్దని ఎవరూ చెప్పలేదు. ఆయన 'మనోడు' కదా!

ఇంకో చెల్లి పట్నంలో ఒక పెద్ద చర్చి యూత్ మీటింగుకి వెళ్లేది. అక్కడ మైకులో ఈ అమ్మాయి చీకట్లో ఉన్న కొండ జనం నుంచి వచ్చింది అని పరిచయం చేశారంట. అందరూ చప్పట్లు కొట్టారంట. ఆ తర్వాత వాళ్లమ్మ ఫోన్ చేస్తే అందరి ముందూ మన భాషలో మాట్లాడటం మానేసింది. తల్లిని చూసి సిగ్గుపడటం నేర్పింది ఏ సాంగత్యం? తల్లిదండ్రుల్ని సన్మానించమనే ఆజ్ఞ పది ఆజ్ఞల్లోదే కదా.

బిర్సా ముండా గురించి కూడా ఇక్కడే చెప్పాలి. చిన్నప్పుడు బాప్తిస్మం తీసుకున్నాడు, చాయిబాసాలో జర్మన్ మిషన్ బడిలో చదివాడు. తర్వాత విడిచిపెట్టాడు. భూముల కోసం కొట్లాడుతున్న ముండా సర్దార్లని మిషనరీలు నిందించడం తట్టుకోలేకపోయాడని ఆయన చరిత్ర రాసినవాళ్లు చెప్తారు. అంటే ఆయన్ని సంఘం నుంచి బయటికి నెట్టింది ఊరి దేవతల్ని కొలిచే చుట్టాలు కాదు. తన జనాన్ని చిన్నచూపు చూసిన నోళ్లు. ఫోటోకి అగరొత్తి వెలిగించడం మీ మనస్సాక్షికి సరిపడకపోతే వెలిగించకండి, ఊరికే నిలబడండి. ఎవరూ కొట్టరు.

ఇప్పుడు అసలు భయం చెప్తాం. మతం మారిన గిరిజనుల్ని ఎస్టీ జాబితా నుంచి తీసెయ్యాలని డీలిస్టింగ్ సభలు పెడుతున్నవాళ్లు ఉన్నారు. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. అదే ఏడాది వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో ఉంది. మన సర్టిఫికెట్ నిలబడేది ఈ తేడా మీదే. వాళ్ల వాదన ఏంటి? చర్చికి వెళ్లేవాడు ఆచారం వదిలాడు, జనంతో కలవడు, కాబట్టి ఆదివాసీ కాడు. మన ప్రేయర్ గ్రూపు మెసేజ్ ఏంటి? చర్చికి వెళ్లేవాడు ఆ జనంతో కలవకూడదు. చెప్పేవాళ్లు వేరు, గీత ఒక్కటే. వాళ్లకి కావాల్సిన సాక్ష్యం మనమే రాసి సంతకం పెట్టి ఇస్తున్నాం.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు 100 శాతం స్థానిక ఎస్టీలకే అన్న 2000 నాటి జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పుడు ఆ అవకాశం పోయినవాళ్లలో ఆదివారం ఎవరు ఎక్కడికి వెళ్తారని ఎవరైనా అడిగారా? రాజ్యాంగ సభలో ఆదివాసీ అనే మాట కోసం నిలబడ్డ జైపాల్ సింగ్ ముండా క్రైస్తవుడు. 1939లో ఆదివాసీ మహాసభ అధ్యక్షుడయ్యాడు. అందులో సర్నా వాళ్లూ ఉన్నారు, చర్చి వాళ్లూ ఉన్నారు. వేరే రూములు అడిగి ఉంటే ఆ సభ ఉండేదా?

మంచి సాంగత్యం కావాలా? దానియేలు గ్రంథం మొదటి రెండు అధ్యాయాలు చదవండి. నలుగురు కుర్రాళ్లు, ఊరు కాని ఊరు, కొత్త భాష, పేర్లు కూడా మార్చేశారు. అచ్చం మన హాస్టలే. రాజు పెట్టే తిండి వద్దన్నారు గానీ చదువు వద్దనలేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు దానియేలు ముగ్గురు స్నేహితుల్ని పిలిచి ప్రార్థన చెయ్యమన్నాడు. జవాబు వచ్చాక మొదట వెళ్లి అడిగింది ఏంటో తెలుసా? బబులోను జ్ఞానుల్ని చంపొద్దు అని. వాళ్లు శకునాలు చూసేవాళ్లు, కలలకి అర్థాలు చెప్పేవాళ్లు, పక్కా 'అన్యులు'. నలుగురి ప్రార్థన వాళ్ల ప్రాణాలు కూడా కాపాడింది.

మా రూములు మేం మార్చుకోం. ఆగస్టు 9కి ప్రేయర్ గ్రూపు నుంచి ఇప్పటికి ఏడుగురం పేర్లు ఇచ్చాం. ధింసాకి అమ్మాయిలు ఇంకో నలుగురు కావాలి. తుడుము కొట్టేవాళ్లు దొరికారు, మోరి ఊదేవాళ్లు దొరకలేదు. మీ ఊళ్లో తాతలెవరైనా ఉంటే కింద పేరు రాయండి, ఛార్జీలు మేమే వేసుకుంటాం.