పడమటి పల్లెలకు కంప్యూటరు పట్టము

కర్నూలు జగన్నాథగట్టున 2015లో నెలకొన్న ట్రిపుల్ ఐటీ జిల్లాకు గౌరవమే. కాని అందలి ప్రవేశము అఖిలభారత పరీక్షచే లభించునది. కోసిగి, మంత్రాలయము పల్లెలవారు మిరపకోతలకై గుంటూరుసీమకు వలసపోవునపుడు బిడ్డలును బడి మాని వెంట నడతురు. వారి కా పరీక్ష యెంత దూరము! ఆదోని, ఎమ్మిగనూరుల కళాశాలలే వారికి దగ్గరిదారి. అచటను 2021-22 నుండి డిగ్రీచదువెల్ల ఆంగ్లమాధ్యమముననే సాగవలెనని ప్రభుత్వము శాసించినది. తెలుగుబడినుండి వచ్చినవాడు ప్రోగ్రాము నేర్చుటకు ముందే పాఠ్యభాషతో పెనగులాడవలసి యున్నది. ఆంగ్లము వలదని మా వాదము కాదు. వంతెన కట్టక యేరు దాటుమనుట అన్యాయమందుము. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున నేతగాండ్ర సహకారసంఘమును నిలిపిరి. నేడు ఆదోని ప్రత్తివర్తకులును, భూస్వాములును పూనినచో వలసమాసములకు వసతిగృహ మొకటి, తొలియేట ఆంగ్లము నేర్పు ఉపాధ్యాయు డొకడు, సాయంకాలమును తెరచియుండు కంప్యూటరుశాల యొకటి సమకూర్చుట అసాధ్యమా? రానున్న మిరపకోతలకు ముందే ఈ పని మొదలు కావలెను.