ముద్దమాటల బిడ్డకు తెలుగు మాన్పింతురా?

బిడ్డకు మాట స్పష్టముగా రానిచో "ఇంట తెలుగు మానుడు, తమిళమే చాలును" అని సలహా యిచ్చువారు మా తాయిల్పట్టి ప్రాంతమున పెక్కుమంది కలరు. మేము దీనిని ఒప్పము. రెండు భాషలు వినుటవలన పలుకు చెడునను మాటకు ఆధారము లేదు. కోవిల్‌పట్టి చెంత ఇడైసెవల్‌లో, తెలుగు ఇంట 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ 1991లో సాహిత్య అకాడమీ బహుమానము పొందినది తమిళ నవలకే గదా!

నాలుకకన్న ముందు చూడవలసినది చెవి. గంపను "కంప" అను బిడ్డ ఆ భేదమును వినుచున్నాడా? అది తెలియకయే "సరిగా పలుకు" మని గద్దించి, పదిమందిలో నవ్వుదుము. వస నాకింతుము కూడ! ఒక గంపను, ఒక కంపకొమ్మను ఎదుట నుంచి, మనము పలికినదానిని చూపుమనవలెను. బిడ్డ నోరు మెదపనక్కరలేదు. పిదప పలకకు మూడు చప్పట్లు, బండికి రెండు. ఆపైని పలక, పడవ, మేకలలో మొదటి ధ్వని కలియనిదేదో అడుగవలెను. ముందు చదువునకు ఈ వినికిడియే పునాది. ముద్దమాటల బిడ్డలకు చదువున వెనుకబడు అపాయము హెచ్చు.

తమిళ లిపిలో క, గలకు అక్షరమొక్కటే. గంప, కంప ఒకే తీరున వ్రాయబడును. బడిలోని అక్షరము చూపని భేదమును ఇల్లే వినిపింపవలెను. తెలుగు మాన్పించువారు దానినే పోగొట్టుచున్నారు.

నాలుగేండ్లు నిండినను పరులకు మాట అర్థము కానిచో చెవి పరీక్ష చేయింపవలెను. ఇంటి భాష తెలుగని ముందే తెలుపుడు. తమిళమున మాత్రమే పరీక్షించి తీర్పు చెప్పనీయకుడు.