మెమరీలో కోత ఎవరికి పెట్టాలి?

విద్యార్థులారా! ఫోన్ కాస్త నెమ్మదించగానే, తెరమీది యాప్‌లన్నిటినీ వేలితో పైకి తోసేసి "మెమరీ ఖాళీ చేశాను" అనుకోవడం మీలో చాలామందికి అలవాటు. ఇల్లు ఖాళీగా ఉంటే విశాలంగా ఉన్నట్టే, మెమరీ ఖాళీగా ఉంటే యంత్రం చురుగ్గా పనిచేస్తుందని మీ ఊహ. ఈ ఊహతో నేను ఏకీభవించను.

ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉండేది లినక్స్ కెర్నెల్. కెర్నెల్ అంటే గింజలోని పప్పు. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దీనిని ప్రారంభించాడు. మెమరీని పంచే పెత్తనం దీనిదే. మెమరీలో ఉన్నదానిని అందుకోవడానికి సుమారు 100 నానోసెకండ్లు చాలు. తిరిగే డిస్కు నుంచి తేవాలంటే దాదాపు 10 మిల్లీసెకండ్లు కావాలి. అంటే లక్ష రెట్లు! మొదటిది ఒక సెకండు అనుకుంటే రెండవది 27 గంటలు దాటుతుందన్నమాట. ఫోన్లలోని ఫ్లాష్ నిల్వ డిస్కుకన్నా ఎంతో వేగమైనదే గాని, మెమరీతో పోలిస్తే అదీ నత్తే.

అందుచేత కెర్నెల్ ఒకసారి చదివిన ఫైళ్ల భాగాలను మెమరీలోనే అట్టే పెట్టుకుంటుంది. దీనిని కాష్ అంటారు. (రొక్కానికీ దీనికీ సంబంధం లేదు, స్పెల్లింగు కూడా వేరు.) ఆవాలకోసం ప్రతి పూటా అటక ఎక్కం గదా, పోపులపెట్టెలో పోసుకొని పొయ్యి పక్కనే ఉంచుకుంటాం. పోపులపెట్టె ఖాళీగా ఉంటే వంట త్వరగా అవుతుందా? మీరు తోసేసిన యాప్‌ను పది నిమిషాలకు మళ్లీ తెరిస్తే, ఫోన్ దానిని తరచుగా మొదటినుంచీ లేపవలసి వస్తుంది. బిగుసుకుపోయిన యాప్‌ను మూయడం వేరే సంగతి.

అసలు చిక్కు చోటు చాలనప్పుడు వస్తుంది. కాష్ ఒకటి కాదు. ఫైళ్లలోని విషయానికి ఒకటి, ఫైళ్ల పేర్లకు ఒకటి, ఫైలు ఎంత పెద్దది, ఎవరిది వంటి వివరాలకు మరొకటి. ఇవి గాక, నడుస్తున్న ప్రోగ్రాములు రాసుకున్న సొంత లెక్కలున్నాయి. కోత ఎవరికి పెట్టాలి?

"అందరికీ సమానంగా" అంటారు మీరు. వినడానికి న్యాయంగానే ఉంది. కాని ఫైలు నుంచి వచ్చిన పుటను, అందులో మార్పేమీ జరగకపోతే, ఊరికే వదిలేయవచ్చు. అసలు ప్రతి నిల్వలో భద్రంగా ఉంది. ప్రోగ్రాము సొంత లెక్కకు రెండో ప్రతి లేదు. దానిని ముందు వేరేచోట రాసి, లేదా కుదించి పెట్టి, ఆ తర్వాతే చోటు తీసుకోవాలి.

పేర్ల కాష్ కథ మరీ తమాషా. మెమరీని సాధారణంగా 4096 బైట్ల పుటలుగా లెక్కిస్తారు. 64 బిట్ల యంత్రాల్లో ఒక పేరు నమోదు మామూలుగా 192 బైట్లు. అంటే పుటకు 21 పేర్లు పడతాయి. వాటిలో 20 తీసేసినా, మిగిలిన ఒక్కటి వాడుకలో ఉంటే ఆ పుట చేతికి రాదు. ఒక్క ప్రయాణికుడు కూర్చుని ఉన్నా బోగీని తప్పించలేరు గదా! తీసేసిన పేర్లను మళ్లీ వెతుక్కునే శ్రమ మిగిలింది, చోటు మాత్రం దక్కలేదు. సమానమైన కోత ఇక్కడ శుద్ధ దండగ.

అందుకే, పోయినదానిని తిరిగి తెచ్చుకోవడానికి ఎంత శ్రమ అవుతుందో చూసి కోత పెట్టాలంటాను. ఆ శ్రమ తెలిసేదెట్లా? ఫైళ్లకూ ప్రోగ్రాములకూ మధ్య మొగ్గు ఎటుండాలో చెప్పే అంకె ఒకటి లినక్స్‌లో ఉంది. దాని మామూలు విలువ 60. తిరిగే డిస్కుకూ ఫ్లాష్‌కూ ఒకే 60 సరిపోతుందా? ఎంత తెలివైనవారు నిర్ణయించినా అది ఊహే.

2014లో లినక్స్‌లో చేరిన పద్ధతి నాకు నచ్చింది. ఫైలు పుటను పారేసేటప్పుడు కెర్నెల్ దాని స్థానంలో చిన్న గుర్తు వదులుతుంది. ఆ పుట మళ్లీ కావలసివస్తే, మధ్యకాలంలో ఎన్ని పుటలు బయటికి పోయాయో గుర్తునుబట్టి లెక్క కడుతుంది. ఆ లెక్క చిన్నదైతే తొందరపడి పారేశానని గ్రహించి, ఈసారి దానికి గట్టి చోటు ఇస్తుంది. 2020లో ఈ లెక్కను ప్రోగ్రాముల పుటలకూ విస్తరించారు. ఏవైపు తెచ్చుకోవడానికి ఎక్కువ ఖర్చవుతున్నదో, ఆ వైపు కోత తగ్గుతుంది.

పేర్ల కాష్‌కూ ఇట్లాంటి గుర్తులు పెట్టవచ్చు గదా అని అడుగుతారేమో. అడగవలసిందే. కాని గుర్తుకూ చోటు కావాలి. 8 బైట్ల గుర్తు 4096 బైట్ల పుటలో 512వ వంతు. 192 బైట్ల పేరులో అదే గుర్తు 24వ వంతు! పారేసినవాటి గుర్తులే మెమరీని తినేస్తే ఏం లాభం? అన్నిటికీ కాకుండా, కొన్ని పేర్లను మాత్రం నమూనాగా తీసి గమనిస్తే చాలునని నాకు తోస్తుంది.

మీ బడిలో లినక్స్ కంప్యూటర్ ఉంటే 'ఫ్రీ' అనే ఆజ్ఞ ఇచ్చి చూడండి. ఖాళీ అనే గడిలో చిన్న అంకె, అందుబాటు అనే గడిలో సాధారణంగా అంతకంటే చాలా పెద్ద అంకె కనిపిస్తాయి. ఆ తేడా చాలావరకు, అడిగితే వదలడానికి సిద్ధంగా ఉన్న కాషే.