చక్రాలమీద కాపురం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మనవాళ్ళు. ఇంటికి చక్రాలు తగిలించి చూడు అని మాత్రం ఎవరూ అన్నట్టు లేదు. ఆ పని చేసి, ఆ యిల్లు అరవై డెబ్భై ఏళ్ళ ముసలిదయినా పడిపోకుండా కాపాడుకొస్తున్నవాళ్ళు అమెరికాలో చాలామంది వున్నారు. అప్పుడప్పుడు వాళ్ళంతా ఏ చెరువు గట్టునో, ఏ పార్కులోనో చేరి, తమ పాత యిళ్ళను వరసగా నిలబెట్టుకుని, రెండు మూడు రోజులు అక్కడే కాపురం పెడతారు. దాన్ని ర్యాలీ అంటారు. జెండాలూ నినాదాలూ అనుకునేరు! అవేమీ వుండవు. తిరనాళ్ళ అంటే సరిగ్గా సరిపోతుంది.

కిందటేడు మిషిగన్ రాష్ట్రంలో మా అమ్మాయి దగ్గర వుండగా, మా అల్లుడు అటువంటి తిరనాళ్ళ ఒకటి చూపించుకొచ్చాడు. ఆ యిళ్ళ పేరు ట్రైలర్లు. సొంత ఇంజను వుండదు. కారు వెనక కొక్కేనికి తగిలించి లాక్కుపోవడమే. చాలావాటి పొడుగు పదిహేను, పదహారు అడుగులకు మించదు. అందులోనే పడక, అందులోనే వంట, అందులోనే భోజనం బల్ల. రాత్రయితే ఆ బల్లే కిందికి దిగి మంచమవుతుంది. గుండ్రటి కప్పుతో పక్కనించి చూస్తే మాంసం డబ్బా ఆకారంలో వుంటాయని వాళ్ళు వీటికి ఆ డబ్బా పేరే ముద్దుపేరుగా పెట్టుకున్నారు. నాకు మాత్రం చిన్నప్పుడు మేనత్త గారింటికి వెళ్ళిన గూడుబండి గుర్తొచ్చింది.

ఆ పోలిక మరీ అన్యాయమేమీ కాదు. సరదా కోసం బండిలో కాపురం పెట్టి ఊళ్ళు తిరిగిన తొలివాళ్ళలో ఒకాయన గార్డన్ స్టేబుల్స్ అని నౌకాదళంలో పనిచేసిన డాక్టరు, పిల్లల కథలు రాసినవాడు. 1885లో రెండు టన్నుల బండి చేయించి, రెండు గుర్రాలు కట్టి, ఇంగ్లండునించి స్కాట్లండు దాకా ప్రయాణం కట్టాడు. ఇరుకు దారుల్లో ఎదుటి బళ్ళవాళ్ళను హెచ్చరించడానికి ఒక నౌకరు మూడు చక్రాల సైకిలు తొక్కుతూ ముందు పోయేవాడట. జమీందారీ ఠీవి అంటే అదీ!

సామాన్యుడి వంతు కారు చవకయ్యాకగాని రాలేదు. 1919లో ఫ్లారిడాలోని టాంపాలో కొందరు కార్ల యాత్రికులు ఒక సంఘం పెట్టుకున్నారు. డబ్బాల్లో నిలవచేసిన తిండి తింటూ తిరుగుతారు గనక "రేకు డబ్బా యాత్రికులు" అని పేరు. కారు రేడియేటరు మూతమీద ఒక రేకు డబ్బా బిగించుకుంటే అదే సభ్యత్వానికి గుర్తు. ఆ సంఘం కాలక్రమేణా అంతరించి, 1998లో మిషిగన్‌లోనే మళ్ళీ ప్రాణం పోసుకుంది, ఈసారి పాత ట్రైలర్ల కోసం.

ఇక అద్దంలా మెరిసే అల్యూమినియం ట్రైలర్ల సంగతి. లిండ్‌బర్గ్ 1927లో అట్లాంటిక్ దాటిన విమానం తయారీలో పనిచేసిన హాలీ బోలస్ అనే ఆయన 1934లో విమానం ఒంటిలాగే రేకులు రివెట్లతో బిగించి ఒక ట్రైలరు చేశాడు. ఆ పద్ధతినే అందుకుని వాలీ బయం 1936లో ఎయిర్‌స్ట్రీమ్ క్లిపర్‌ను తెచ్చాడు. ఆ రోజుల్లో వెలసిన కంపెనీలు ఒక్కొక్కటే మూతపడినా, ఎయిర్‌స్ట్రీమ్‌లు ఒహాయో రాష్ట్రంలో ఇప్పటికీ తయారవుతున్నాయి. ఈ బయం మహాశయుడు అమ్మి ఊరుకోలేదు. కొన్నవాళ్ళను వెంటేసుకుని 1959లో దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో బయల్దేరి, మరుసటి ఏడాదికి కైరో చేరాడు. ఆయన 1962లో పోయాక కూడా ఆయన బిడారు ఆగలేదు. 1963–64లో సింగపూరునించి లిస్బన్ దాకా సాగిన యాత్రలో ఆ వెండి ట్రైలర్లు మన దేశం మీదుగా కూడా వెళ్ళాయి. దారిన పోయే మన రైతు తన ఎద్దుబండి పక్కకు తప్పించి, వాటిని చూసి ఏమనుకున్నాడో!

ఆ రైతుకు ఒక సంగతి మాత్రం ఎవరూ చెప్పనక్కరలేదు. బండికి వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడకు ఉరి బిగుస్తుంది. ట్రైలరుకూ అంతే. మొత్తం బరువులో నూటికి పదినించి పదిహేను పాళ్ళు ముందు కొక్కెం మీద పడాలి. తక్కువైతే వేగంలో తోక ఊగడం మొదలుపెట్టి, చివరికి కారునే పక్కకు ఈడ్చిపారేస్తుంది. ర్యాలీకి వచ్చే ముసలి దంపతులు బియ్యం, నీళ్ళు, మడత కుర్చీలు ఎక్కడెక్కడ సర్దాలో వాదించుకోవడం విన్నాను; మా తాతకూ పాలేరుకూ జరిగిన తగాదాయే.

తలుపు తీసి వుంచిన వేళ ఎవరైనా లోపలికి వెళ్ళి చూడవచ్చు. మూసి వుంటే వెళ్ళకూడదు. ఇంతకు మించిన నియమం లేదు. మా ఆవిడ ఒక డజను వంటిళ్ళు తనిఖీ చేసింది. రెండు మంటల పొయ్యి, చేతి పంపు తొట్టి, గడ్డ వేసే ఐసు పెట్టె, చెయ్యి చాస్తే అన్నీ అందుతాయి. "అంతా బాగానే వుంది, మడి కట్టుకుని గోడకు తగలకుండా తిరగడమే కష్టం" అని తీర్పు చెప్పింది. వెనక రెండు పక్కలా అల్యూమినియం రెక్కలున్న షాస్టా ట్రైలరు ఆమెకు మరీ నచ్చింది. ఆ రెక్కలెందుకని అడిగితే ఆ యింటి ఇల్లాలు నవ్వి, "ఎందుకూ కాదు" అంది.

ఆవిడే ఒక ఆల్బం తీసి చూపించింది. కొన్ననాటి ఫొటోలు. పైకి రేకు బాగానే వుంది. లోపలి పలక వూడదీస్తే గోడ లేదు. ఈ ట్రైలర్ల జబ్బంతా అదేనట. పైన అల్యూమినియం, లోపల ప్లైవుడ్, మధ్య సన్నటి కర్ర చట్రం. కిటికీ అంచునో, కప్పు అతుకునో సూదంత సందు దొరికితే వాన నీరు దిగి, ఏళ్ళ తరబడి ఎవరికీ కనిపించకుండా ఆ కర్రను చీకబెడుతుంది. మెరుగు పెట్టిన రేకు చూసి మోసపోయి కొన్నవాళ్ళు ఎందరో. చట్రం తిరిగి కట్టాలంటే చీకిన ముక్కల్నే నమూనాగా పెట్టుకుని కొత్తవి కోయాలి, అవి పొడుంపొడుం కాకముందే. చేసిన కంపెనీ ఏనాడో పోయింది. పటాలు లేవు. కిటికీ పిడి విరిగితే మరొకడి ట్రైలరునించి అచ్చు తీసి పోతపోయించాలి.

అప్పుడుగాని ఈ తిరనాళ్ళ ఎందుకో నాకు బోధపడలేదు. నేను కార్ల అందాల పోటీలాంటిది అనుకుని వెళ్ళాను. కాని అక్కడ నిలబడి చూస్తే, ఒకడు రబ్బరు పట్టీ ముక్క చేతబట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నాడు, ఇటువంటిది నీ దగ్గరుందా అని. ఇంకొకడు పక్కవాడి తలుపు గడియ కొలతలు కాగితం మీద దించుకుంటున్నాడు. ఏ పుస్తకంలోనూ లేని ఈ విద్య ఇలా కలుసుకున్నప్పుడే చేతులు మారుతుంది. కలుసుకోవడం మానేసిన ఏడాదినించి ఈ బళ్ళు తుక్కు కొట్టుకు వెళ్ళడం మొదలవుతుంది.

అందరూ ఒక మాట మీద వున్నారనుకోకండి. లోపలంతా పెరికేసి, తెల్లరంగు కొట్టి, టెలివిజనూ ఎయిర్‌కండిషనూ పెట్టినవి కూడా వున్నాయి. పాత పద్ధతివాళ్ళు వాటి ముందునించి పోతూ మాట్లాడరు. నాకూ అవి డొల్ల అనిపించాయి. "అలా చెయ్యకపోతే అదీ తుక్కుకిందే పోయేది గదా నాన్నా" అంది మా అమ్మాయి. కొట్టిపారెయ్యడానికి వీల్లేని మాటే. అయినా ఆ పాత ఐసు పెట్టె ఏం పాపం చేసిందని?

వరస చివర ఒక ట్రైలరు కిటికీలో "అమ్మబడును" అనే బోర్డు వుంది. ఆ ముసలాయన రెండుసార్లు తన చేతులతో విప్పి కట్టాడట. ఇప్పుడు ఆయన వంగలేడు. కొడుక్కి నిలపడానికి జాగా లేదు, కూతురికి తీరిక లేదు. ఒక పడుచు జంట వచ్చి బేరం అడిగారు. ఆయన ధర చెప్పలేదు. వాళ్ళిద్దరి చేతా మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, లోపలి మూలల్లో వేలితో నొక్కిస్తూ, ఎక్కడ మెత్తగా తగిలితే ఎక్కడ నీరు దిగినట్టో చూపించడం మొదలుపెట్టాడు. మేము కాఫీలు తాగి, ఇంకో చుట్టు తిరిగి వచ్చేసరికి ముగ్గురూ ట్రైలరు కిందికి దూరి వున్నారు. బయటికి కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.