పాత బండి బేరం... కాగితం మరిస్తే భారం

కొత్తది కొనే స్తోమత లేనివారికి పాత సామానే దిక్కు. వల్లూరు మండల పల్లెల్లో ఇది నామోషీ ఏమీ కాదు. వేరు కాపురం పెట్టిన జంట పాత మంచం, బీరువాతో సరిపెట్టుకుంటుంది. కుట్టుపని నేర్చిన ఆడపిల్లకు పాత మిషనే తొలి పెట్టుబడి. కూలి పనికి కడప వెళ్లివచ్చేవారికి పాత మోటారు సైకిల్ పెద్ద ఆసరా.

అయితే అన్నింటినీ ఒకే గాటన కట్టరాదు. మంచాన్ని ఊపి చూడవచ్చు. బీరువా తుప్పు గోటితో గీరితే బయటపడుతుంది. మిషనుపై నాలుగు కుట్లు వేసి చూస్తే సరి. మోసపోయినా నష్టం ఆ డబ్బుతోనే ఆగుతుంది. మోటారు సైకిల్, సెల్‌ఫోన్ సంగతి వేరు. ఇంజను బాగున్నా కాగితం సరిగా లేకపోతే అది మెడకు చుట్టుకుంటుంది.

పల్లెల్లో బండి బేరం మాట మీదే సాగుతుంది. "మనోడే కదా" అని డబ్బిచ్చి తాళంచెవి తీసుకుంటారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మిన బండి సంగతి అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. 29, 30 నంబరు ఫారాలు ఇందుకే. ఇది జరగకపోతే అమ్మినవారికే పెద్ద ముప్పు. 2018లో ఒక కారు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు, బండి పలు చేతులు మారినా రిజిస్ట్రేషన్‌లో పేరున్న వ్యక్తే పరిహారానికి బాధ్యుడని తేల్చింది. బండి అమ్మిన సొమ్ము ఎప్పుడో ఖర్చయ్యాక, పొలం అమ్మి పరిహారం కట్టవలసి వస్తే ఆ కుటుంబం గతేమిటి?

సెల్‌ఫోన్‌లో స్టార్, హాష్, 06, హాష్ నొక్కితే 15 అంకెల నంబరు వస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2023లో దేశమంతటా అందుబాటులోకి తెచ్చిన సంచార్ సాథీలో ఆ నంబరు పరిశీలించవచ్చు. పోయిన ఫోనని ఫిర్యాదు చేసి నిలిపివేయించి ఉంటే అక్కడ తెలిసిపోతుంది. దొంగసొత్తు అని తెలియక కొన్నా, సొమ్ము పోవడమే కాక స్టేషను చుట్టూ తిరగక తప్పదు.

ఫారాలపై సంతకాలు పడ్డాకే డబ్బు చేతులు మారాలని బేరం కుదిర్చే మెకానిక్కులు, మధ్యవర్తులు పట్టుపట్టాలి. ఫారాలు నింపడం తెలియక ఊరుకునేవారు ఎందరో ఉన్నారు. రవాణా శాఖ వారు నెలకొక రోజు వల్లూరులో శిబిరం పెట్టి పేరు మార్పిడి చేయిస్తే మేలు. నాలుగు డబ్బులు మిగులుతాయనే పాతది కొంటారు. ఆ మిగులు కోర్టుల పాలు కారాదు.