గొంతు మాది, బిట్లు వాళ్ళవి

మా కాకినాడ చుట్టుపక్కల శ్రీరామనవమి పందిట్లో అయినా, కోనసీమ తీర్థంలో అయినా, పెళ్ళి రిసెప్షన్‌లో అయినా పాట అయిపోగానే వేదిక దగ్గరికొచ్చి జనం ఇచ్చే పెద్ద మెచ్చుకోలు ఒకటే: ‘అచ్చం సుశీలమ్మే పాడినట్టుందమ్మా!’ ఆర్కెస్ట్రాల్లో పాడుతూ బతుకుతున్నదాన్ని, ఆ మాట వెనకున్న ప్రేమ నాకు తెలుసు. కానీ మంచి ఆర్కెస్ట్రాకి అది కొలబద్ద కాదు. ఒకరి గొంతును ఉన్నదున్నట్టు దించడం మిమిక్రీ. అదీ గొప్ప కళే, నేరెళ్ళ వేణుమాధవ్ గారు దాన్ని ఎంత ఎత్తుకు తీసుకెళ్ళారో మనకు తెలుసు. పాట కచేరీ పని వేరు.

నన్నడిగితే, పాడేవాళ్ళు సొంత గొంతుతోనే పాడాలి. వాయించేవాళ్ళు మాత్రం రికార్డులో ఉన్నది ఉన్నట్టు వాయించాలి. పాట మనకు గుర్తుండేది పల్లవి వల్ల మాత్రమే కాదు. పల్లవికి ముందు వచ్చే మ్యూజిక్కు, చరణాల మధ్య ఫ్లూట్ బిట్టు, చరణం చివర మళ్ళీ పల్లవిలోకి దించే తబలా ముక్తాయింపు, ఇవన్నీ కలిస్తేనే అది మనం రేడియోలో విన్న పాట. 1988లో వచ్చిన ‘అభినందన’ పాటలే తీసుకోండి. ఇళయరాజా గారు ఎవరేం వాయించాలో స్వరాలతో సహా కాగితం మీద రాసి ఇచ్చే మనిషి. అలాంటి ఆయన బిట్టును సగానికి కోసేసి, కీబోర్డు మీద నాలుగు కార్డ్స్ పట్టి, రిథమ్ ప్యాడ్ దడదడలాడించి చరణంలోకి తోసేస్తే నేనెంత బాగా పాడినా ఏం లాభం? వినేవాళ్ళకి ఏదో వెలితిగా ఉంటుంది. అదేమిటో చెప్పలేక ‘ఇవాళ అమ్మాయి గొంతు బాలేదు’ అంటారు.

మా కీబోర్డు అన్నయ్య ఒక కొత్త పాట ఒప్పుకున్నాడంటే ముందు దాన్ని ఇయర్‌ఫోన్స్‌లో వింటూ పాత లెక్కల పుస్తకంలో బిట్లన్నీ సరిగమల్లో రాసుకుంటాడు. ఇక్కడ సితార్, ఇక్కడ ఫ్లూట్, ఇక్కడ స్ట్రింగ్స్, టోన్ మార్చుకోవడానికి ఎంత వ్యవధి ఉంది, అన్నీ. రెండో కీబోర్డు ఉన్న రోజున స్ట్రింగ్స్ అవతలాయనకి అప్పగించి తను ఫ్లూట్ చూసుకుంటాడు. అలాంటి మనిషి పక్కనుంటే ఎత్తుగడ ఎక్కడ అందుకోవాలో నేను వెతుక్కోనక్కర్లేదు.

ఎవరో చేసిన పాటలు వాయించుకోవడం చిన్న పని అనుకునేవాళ్ళున్నారు. బాలసుబ్రహ్మణ్యం గారు సినిమాల్లో తొలి పాట పాడింది 1966లో. ఆ తొలినాళ్ళలో ఆయన నడిపిన లైట్ మ్యూజిక్ బృందంలో ఇళయరాజా, ఆయన అన్నదమ్ములు భాస్కర్, గంగై అమరన్ వాయించేవారు. ఇళయరాజా తొలి సినిమా ‘అన్నక్కిళి’ వచ్చింది 1976లో. అంటే తన పాటలతో దేశాన్ని ఊపేయకముందు ఆయన స్టేజీల మీద ఇతరుల పాటలు వాయించిన మనిషే.

ఇక శ్రుతి సంగతి. ఇది ఆడ సింగర్లందరి తరఫునా చెబుతున్నాను, ఎందుకంటే మమ్మల్ని ఎవరూ అడగరు. బాలు గారి డ్యూయెట్లు చాలా వరకు మగవాళ్ళకి బాగా పైన ఉంటాయి. ఆయనకు అది అలవోక. మిగతావాళ్ళకి అందదు. అందుకని స్టేజీ మీద మేల్ సింగర్ ‘ఒకటిన్నర దించు’ అంటాడు. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే క్షణంలో దిగిపోతుంది. దిగింది ఆయనకు. నా సంగతేమిటి? జానకమ్మ మెరుపులా పైన పలికించిన చరణం నా దగ్గరికొచ్చేసరికి నేలబారుగా అయిపోతుంది. కింది స్వరాలు గొంతులోనే ఉండిపోతాయి, మైకు కూడా అందుకోదు. శ్రుతి దించడం తప్పని అనను. గొంతు చించుకుని అపశ్రుతిలో అరవడం కన్నా అర శ్రుతి దించుకుని హాయిగా పాడడం ఎంతో మేలు. కాకపోతే ఇద్దరినీ అడిగి దించాలి. నేను పాడినవాటిలో మంచి బృందాలన్నీ ఆ పని రిహార్సల్‌లోనే చేసేవి. ఇద్దరికీ కుదరని పాటైతే పక్కన పెట్టి ఇంకోటి ఎత్తుకునేవి. డ్యూయెట్లకు మనకేం కరువు?

వరుస కూడా తెలియాలి. రిసెప్షన్‌లో పెద్దవాళ్ళు ముందు భోంచేసి వెళ్ళిపోతారు. ఘంటసాల, సుశీల పాటలు ఆ లోపే పడాలి. కుర్రాళ్ళు పంపే చీటీలు ఆగుతాయి, ఏం ఫరవాలేదు.

ఇప్పుడు ఈ చర్చనే లేకుండా చేస్తున్నది కరోకే ట్రాకు. ఒక ల్యాప్‌టాప్, రెండు మైకులు, అయిపోయింది ఆర్కెస్ట్రా. ఖర్చు తక్కువ, బిట్లు తప్పిపోవు, నిజమే. కానీ ట్రాకు మనకోసం ఆగదు. పెళ్ళికూతురు తండ్రి కళ్ళు తుడుచుకుంటుంటే ఆ పల్లవి ఇంకోసారి పాడదామన్నా కుదరదు. 1961లో వచ్చిన ‘జగదేకవీరుని కథ’లో ‘శివశంకరీ’ పాట చూసే ఉంటారు. పెండ్యాల గారు కట్టిన దర్బారీ కానడ, ఘంటసాల గారి గానం. తెర మీద ఒక్క ఎన్టీఆరే ఎన్నో రూపాల్లో వాద్యాలు అందుకుంటారు. ఒక్క గొంతు అంత ఎత్తుకు లేవాలంటే చుట్టూ అన్ని చేతులు కావాలని ఆ దృశ్యమే చెబుతుంది. స్టేజీ మీద ఆ స్వరాలు పాడుతున్నప్పుడు తబలా ఆయన మా గాయకుడి మొహం చూస్తూ వేగం పట్టుకోవడం, ఆఖర్న ఇద్దరూ ఒకే చోట వచ్చి కలవడం వేదిక పక్కన నిలబడి ఎన్నోసార్లు చూశాను. ట్రాకు ఎవరి మొహమూ చూడదు.

యాంకర్లకు ఒక మాట. పాటకు ముందు హీరో పేరు చెప్పి ఈలలు వేయించడంతో ఆపేయకండి. రాసిందెవరు, బాణీ కట్టిందెవరు, మొదట పాడిందెవరు, ఈ మూడు పేర్లూ చెప్పండి. వాళ్ళ పాటతోనే కదా మన పొయ్యి వెలుగుతోంది.

పందిరి కమిటీ పెద్దలకీ, పెళ్ళివారికీ నా విన్నపం. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ఎన్ని పాటలు పాడతారని బేరమాడకుండా, వాయించడానికి ఎవరెవరు వస్తున్నారో అడగండి. తబలా, డోలక్, గిటార్ మనుషులు వాయిస్తారా, ట్రాకా అని తేల్చుకోండి. జనం రాకముందే సౌండ్ చూసుకోవడానికి గంట సమయమివ్వండి. పాట అయ్యాక నాకు శాలువా కప్పుతున్నారు, సంతోషం. వెనక కూర్చున్న కీబోర్డు అన్నయ్యని, తబలా బాబాయిని కూడా ముందుకు పిలిచి కప్పండి.